క్రాలింగ్ వేరు, ఇండెక్సింగ్ వేరు

గూగుల్ పంపే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ వచ్చి వెబ్ పేజీని చదవడం క్రాలింగ్. చదివినదాన్ని గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం ఇండెక్సింగ్. ర్యాంకింగ్, అంటే ఫలితాల్లో ఎన్నో స్థానమన్నది, ఆ తర్వాతి మాట. మీ పేజీ ఎక్కడ ఆగిందో తెలియాలంటే సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పైనున్న యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ పెట్టెలో దాని చిరునామా పేస్ట్ చేయండి. ‘డిస్కవర్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని వస్తే, చిరునామా తెలిసింది గానీ బాట్ ఇంకా రాలేదు. ‘క్రాల్డ్’ అని మొదలైతే, చదివి పక్కన పెట్టింది. అక్కడున్న రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ పదేపదే నొక్కడం దండగ. పేజీలో సరుకెంతో చూసుకోండి.

ఎక్కువమంది బోల్తా పడేది రోబోట్స్ ఫైలు (సైట్‌లో బాట్లు ఎక్కడికి రాకూడదో చెప్పే robots.txt) దగ్గర. అందులో ‘డిజలౌ’ రాస్తే బాట్ లోపలికి రాదు, అంతే. వేరే సైట్ల నుంచి దానికి లింకులుంటే ఆ చిరునామా వివరణ లేకుండానే ఫలితాల్లో తేలొచ్చు. పేజీని దాచాలంటే జాబితాలో చేర్చొద్దని పేజీ కోడ్‌లోనే చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ పెట్టి, డిజలౌ తీసేయాలి. రెండూ ఉంచితే తాళం వేసిన గదిలో నోటీసు అంటించినట్టే. బాట్‌కు ఆ ట్యాగ్ కనపడదు.