పెళ్లి ఫొటో వీడియోలో పెట్టగానే కుంకుమ వెలిసిపోతోందా? కలర్ స్పేస్ ఇలా సరిచూసుకోండి

బెంగళూరులో మన తెలుగు పెళ్లిళ్లకి స్టిల్స్ ఒకళ్లు, వీడియో ఒకళ్లు, ఆల్బమ్ ఇంకొకళ్లు చేస్తారు కదా, మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కూర్చుని హైలైట్ కట్ చేసే ఎడిటర్‌కి ఆల్బమ్ కోసం రెడీ చేసిన ఫైళ్లే డ్రైవ్ లింక్‌లో వచ్చేస్తాయి. వాటిని టైమ్‌లైన్ మీద పడేస్తే ఎర్ర కుంకుమ ఇటుక రంగులోకి దిగిపోతుంది, చిలకపచ్చ పట్టుచీర నీరసంగా కనిపిస్తుంది. చాలామంది వెంటనే శాచురేషన్ (రంగు గాఢత) పెంచుతారు, దయచేసి అది చెయ్యకండి, అప్పుడు చీర సరిపోయినా మొహాలు నారింజ రంగుకి వెళ్లిపోతాయి.

అసలు జరిగేది ఇది. ఫొటోలో ఉండేవి నంబర్లు, ఆ నంబర్లు ఏ స్కేల్‌లో రాశారో చెప్పేది ప్రొఫైల్. ఆ స్కేల్‌నే కలర్ స్పేస్ అంటారు. మామూలు స్క్రీన్లకి వాడే ఎస్‌ఆర్‌జీబీలో పూర్తి ఎరుపు 255, 0, 0 (వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం నంబర్లు) అనుకుంటే అదే ఎరుపు, ప్రింట్‌కి ఎక్కువగా వాడే అడోబీ ఆర్‌జీబీలో 219, 0, 0 అవుతుంది, ఎందుకంటే ఆ స్పేస్ ఇంకా పెద్దది. ఇప్పుడు వీడియో సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ చూడకుండా 219ని తన స్కేల్‌లో చదివితే ఎరుపు తగ్గిపోయినట్టే. అంతకంటే పెద్ద స్పేస్ ప్రోఫొటో ఆర్‌జీబీ అయితే ఇంకా ఘోరం, ఫొటో మొత్తం బూడిద కొట్టినట్టు ఉంటుంది. లైట్‌రూమ్ క్లాసిక్ నుంచి ఫొటోషాప్‌కి పంపేటప్పుడు డిఫాల్ట్‌గా ప్రోఫొటోనే ఉంటుంది కాబట్టి రీటచ్ చేసిన ఫొటోల్లోనే ఈ గొడవ ఎక్కువ.

ముందు ఫైల్‌లో ఏ ప్రొఫైల్ ఉందో చూడండి. మ్యాక్‌లో గెట్ ఇన్ఫోలో కనిపిస్తుంది, ఫొటోషాప్‌లో కింద స్టేటస్ బార్‌లో డాక్యుమెంట్ ప్రొఫైల్ అని పెట్టుకోవచ్చు. తర్వాత ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్ వాడి ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. దాని పక్కనే అసైన్ ప్రొఫైల్ ఉంటుంది, అది నొక్కకండి. కన్వర్ట్ నంబర్లు మార్చి రంగు నిలబెడుతుంది, అసైన్ నంబర్లు అలాగే ఉంచి రంగు మార్చేస్తుంది. అసైన్ అవసరమయ్యేది ఒక్కచోటే, ఫైల్‌లో ప్రొఫైలే లేనప్పుడు: అడోబీ ఆర్‌జీబీ అసైన్ చేసి చూడండి, ఒంటి రంగు సహజంగా వస్తే అదే అనుకుని అప్పుడు కన్వర్ట్ చెయ్యండి, రాకపోతే వేరేది ప్రయత్నించండి. ముదురు బంతిపూలు, మెరిసే పట్టు లాంటివి ఎస్‌ఆర్‌జీబీలో పట్టవు, మడతలన్నీ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి. అందుకే లైట్‌రూమ్‌ డెవలప్‌లో ఎస్ నొక్కి సాఫ్ట్ ప్రూఫ్ (ఎక్స్‌పోర్ట్ అయ్యాక రంగులు ఎలా ఉంటాయో ముందే చూపించేది) ఆన్ చేసి, ఎస్‌ఆర్‌జీబీలో పట్టదని హెచ్చరిక చూపించిన రంగుని మాత్రం కొంచెం తగ్గించి అప్పుడు ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. 16 బిట్ టిఫ్ ఫైల్ మంచిది, గ్రేడ్ (వీడియోలో రంగుల దిద్దుబాటు) మళ్లీ తాకినా ఆకాశంలో గీతలు పడవు.

ఇక టైమ్‌లైన్. ఎస్‌ఆర్‌జీబీ, వీడియోకి వాడే కలర్ స్పేస్ రెక్ 709, రెండిటికీ ప్రైమరీలు (మూల ఎరుపు, ఆకుపచ్చ, నీలం) ఒకటే, వైట్ పాయింట్ (తెలుపు అంటే ఏ తెలుపో) కూడా డీ65 ఒకటే, తేడా అంతా గామాలో, అంటే ఏ నంబర్‌కి ఎంత వెలుగు అనే లెక్కలో. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే మీడియా పూల్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌పుట్ కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ పెడితే చాలు. లేకపోతే ఫొటో మీద కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఎఫెక్ట్ వేసి ఇన్‌పుట్ రెక్ 709, ఇన్‌పుట్ గామా ఎస్‌ఆర్‌జీబీ, అవుట్‌పుట్ రెక్ 709, గామా 2.4 ఇచ్చి టోన్ మ్యాపింగ్ ఆపేయండి. ఫోన్లలో మాత్రమే చూసే రీల్ అయితే ఈ గామా స్టెప్ వదిలేసినా పెద్దగా తెలీదు, కానీ గామా 2.4 మానిటర్ మీద గ్రేడ్ చేస్తుంటే చెయ్యాల్సిందే, లేకపోతే నల్లటి జుట్టు, కోటు మడతలు ఇంకా చీకటిగా కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది మాత్రం లట్, అంటే రంగుల్ని ఒక్క దెబ్బలో మార్చే రెడీమేడ్ ఫైల్. కెమెరా ఫుటేజ్ ఎస్-లాగ్3లో (సోనీ కెమెరాల్లో కాంట్రాస్ట్ బాగా తక్కువగా రికార్డయ్యే పద్ధతి) ఉందని టైమ్‌లైన్ మొత్తం మీద లట్ వేస్తారు, అది ఫొటోల మీద కూడా పడుతుంది, ఆల్రెడీ కాంట్రాస్ట్ ఉన్న ఫొటోకి ఇంకో కాంట్రాస్ట్ ఎక్కి తలంబ్రాల తెలుపు మొత్తం కొట్టుకుపోతుంది. లట్‌ని అడ్జస్ట్‌మెంట్ క్లిప్‌లో పెట్టి ఫొటోల్ని దాని పైన ట్రాక్‌లో ఉంచండి, లేదా వీడియో క్లిప్పుల్ని ఒక గ్రూప్ చేసి లట్ ఆ గ్రూప్‌కే ఇవ్వండి.

మీ సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ చదువుతుందో లేదో ఊహించక్కర్లేదు, టెస్ట్ చేసుకోవచ్చు. ఫొటోషాప్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఫైల్ తెరిచి 255, 0, 0 ఎరుపు నింపి ఒక టిఫ్ సేవ్ చెయ్యండి, దాన్నే అడోబీ ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి ఇంకో టిఫ్. రెండూ రెక్ 709 టైమ్‌లైన్‌లో వేసి పరేడ్ స్కోప్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థాయిల్ని విడివిడిగా చూపించే గ్రాఫ్) చూడండి, మీరు ఏమీ సెట్ చెయ్యకుండానే రెండిటి ఎరుపూ పైన గరిష్ఠమైన 1023కి తగిలితే ప్రొఫైల్ చదువుతోందని, రెండోది 880 దగ్గర ఆగితే చదవట్లేదని.

ఫొటోగ్రాఫర్‌ని మొదట్లోనే అడగండి, అన్నా ఆల్బమ్ ఫైళ్లు వద్దు, వీడియోకి విడిగా ఎస్‌ఆర్‌జీబీలో ఒక ఎక్స్‌పోర్ట్ ఇవ్వు, పొడుగు వైపు 3840 పిక్సెల్స్ చాలు, జూమ్ చేసే ఫొటోలకి ఫుల్ సైజ్ అని. బంధువులు ఐఫోన్‌లో తీసినవి కూడా వస్తాయి, వాటిలో సాధారణంగా డిస్‌ప్లే పీ3 అనే ఇంకో కలర్ స్పేస్ ఉంటుంది, వాటినీ ఇలాగే కన్వర్ట్ చేశాకే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.