సెల్లోటేప్ నుంచి ఎక్స్‌రే: ఇంట్లో ఎంతవరకు చూడొచ్చు

మా పర్లాకిమిడిలో రాత్రి కరెంటు పోయిందంటే ఈ ప్రయోగానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మామూలు సెల్లోటేప్ చుట్ట ఒకటి చాలు. కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్ ఆపేసి, పావుగంట చీకట్లోనే కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడకపోతే ఏమీ కనబడదు, చాలామంది ఇక్కడే తొందరపడి వదిలేస్తారు. తర్వాత టేప్‌ను చర్రున లాగండి. చుట్ట నుంచి టేప్ విడిపోయే గీత మీదే చూపు పెట్టాలి, అక్కడ సన్నగా నీలం వెలుగు మెరుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జిగురు విడిపోయేటప్పుడు రెండు వైపులా వ్యతిరేక విద్యుదావేశాలు పోగుపడి గాలిలో చిన్న డిశ్చార్జిలు, అంటే బుల్లి మెరుపుల్లాంటివి, అవుతాయి, ఆ వెలుగే ఇది. గాలి తీసేస్తే ఎలక్ట్రాన్లకు అడ్డుండదు, బాగా వేగం అందుకుని అవతలి వైపు ఢీకొని ఎక్స్‌రేలు పుట్టిస్తాయి. 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వాక్యూమ్‌లో, అంటే గాలి తీసేసిన చోట, సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున టేప్ ఊడదీసి, ఆ ఎక్స్‌రేలతో ఏకంగా వేలి ఎముకల బొమ్మ తీశారు!

వాక్యూమ్ భాగం మాత్రం ఇంట్లో వద్దు. సీసం అడ్డు, రేడియేషన్ మీటరు, పని తెలిసిన మనిషి ఉన్న ల్యాబ్‌లోనే. మామూలు గాలిలో ఎక్స్‌రే భయం లేదు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.