బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కార్గో వ్యాన్ కొనేముందు ఏమేం చూడాలి?

మదనపల్లె, హిందూపురం, కుప్పం వైపు నుంచి వచ్చి బెంగళూరులో వ్యాపారం చేసుకుంటున్న మనవాళ్లు ఎందరో. కూరగాయలకో, వాటర్ క్యాన్లకో, కొరియర్ పనికో పాత వ్యాన్ కొందామనుకున్నప్పుడు ముందుగా అడిగేది "ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అనే. నేనైతే వాటికంటే ముందు ఇంకో ప్రశ్న అడగమంటాను: ఈ బండి ఇన్నాళ్లూ ఏం మోసింది? మీటరు వెనక్కి తిప్పొచ్చు, పెయింట్ కొత్తగా కొట్టించొచ్చు. మోసిన బరువు మాత్రం బండి కింద ఎక్కడో ఒకచోట కనిపించి తీరుతుంది.

మొదట బండి కిందికి వంగి చూడండి

ఆర్సీలో లోడుతో కలిపి మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఆ బండి మోయాల్సింది ఎంతో తెలిసిపోతుంది. నిండు 20 లీటర్ల నీళ్ల క్యాన్ 20 కిలోల పైనే తూగుతుంది. నలభై క్యాన్లంటే 800 కిలోలు దాటుతుంది. మారుతి ఈకో లాంటి చిన్న వ్యాన్‌కు అది మించిన లోడు. రోజూ అలా మోసిన బండికి వెనక సస్పెన్షన్ కుంగిపోయి ఉంటుంది. ఖాళీగా నిలబెట్టినప్పుడే వెనక భాగం కిందికి దిగినట్టు కనిపిస్తే అనుమానించండి.

నీళ్ల క్యాన్లు, చేపలు, పాలు మోసిన బండిలో తుప్పు ఇంకో సమస్య. లోపల పరిచిన మ్యాట్ ఎత్తమనండి. ఎత్తనివ్వకపోతే ఆ బండి వద్దు. తలుపు జరిగే పట్టాల మూలలు, వెనక చక్రాల పైన ఉండే గుమ్మటాలు, డోరు కింది అంచు వేలితో నొక్కి చూడండి. పైకి పెయింట్ నున్నగా ఉండి లోపల రేకు మెత్తగా దిగబడితే, రేపు టింకరింగ్ ఖర్చు మీదే.

టాటా ఏస్ అయితే కమాన్ కట్టల్లో (వెనక బరువు మోసే స్ప్రింగ్ పట్టీల కట్టలు) పట్టీ విరిగిందేమో, చదునుగా అయిపోయాయేమో చూడాలి. ముందు చక్రం జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజుగా ఆడితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) లేదా బేరింగ్ అరిగినట్టు. చాసిస్ మీద వెల్డింగ్ చేసిన గుర్తు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తిరిగి వచ్చేయండి.

కొరియర్ బండి కథ వేరు. లోడు తక్కువే, కానీ వీధికి పదిసార్లు ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన బండి అది. క్లచ్, సెల్ఫ్ మోటార్, పక్క తలుపు రోలర్లు ముందుగా అరుగుతాయి.

ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్లండి

ముందు రోజే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని చెప్పండి. చల్లటి ఇంజన్ దాచలేని జబ్బులను వేడెక్కిన ఇంజన్ దాచేస్తుంది. ఈకోలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు లేపి చూసే ఓపిక లేక చాలామంది కూలెంట్ సంగతే మరిచిపోతారు. కూలెంట్ డబ్బాలో తుప్పు రంగు నీళ్లుంటే ఉత్త నీళ్లు పోసి నడిపారని అర్థం. ఆయిల్ మూత లోపల మజ్జిగ నురుగులాంటి పదార్థం అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింది సీలు) పోయి ఉండొచ్చు, మెకానిక్ తేల్చి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

స్టార్ట్ చేశాక ఎవరినైనా వెనక నిలబెట్టండి. నీలం పొగ వదలకుండా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. డీజిల్ బండికి దట్టమైన నల్ల పొగ వస్తే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత మెల్లగా తీయండి. గుప్పుగుప్పుమని గాలి ఎగదన్నుతుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయి. అక్కడితో ఆగకుండా పావుగంట అలాగే నడవనిచ్చి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో, టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడుతోందో గమనించండి. ఖాళీ రోడ్డు మీద బాగానే ఉండే బండి సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఎండలో నిలబడితే వేడెక్కిపోవచ్చు.

తర్వాత లోడుతో నడపండి

ఖాళీ బండి నడిపి చూస్తే ఏమీ తెలియదు. నలుగురిని ఎక్కించుకునైనా ఫ్లైఓవర్ ఎక్కించండి. ఇంజన్ మోత పెరుగుతూ స్పీడ్ పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. రెండో గేరు వేసేటప్పుడు గరగరమంటే గేర్‌బాక్స్‌లో పని ఉంది. ఈకో, ఏస్ రెండింటికీ శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. అందుకే కదిలేటప్పుడు కింద టక్‌మని కొడితే జాయింట్ షాఫ్ట్ (వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే రాడ్డు) క్రాస్ మీద, స్పీడ్‌తో పాటు పెరిగే హూంకారం వినబడితే క్రౌన్ (వెనక యాక్సిల్ లోపలి పళ్ల చక్రం) మీద అనుమానపడాలి. బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో లీకుంది.

సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ మీది టెస్ట్ తేదీ చూడండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి. ఆర్సీలో కూడా సీఎన్‌జీ ఎక్కి ఉండాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. గాడులు లోతుగా ఉన్నా పాత టైరు పాతదే.

కనిపించిన లోపాలన్నీ రాసుకుని, విడిభాగాల ధరలు జేసీ రోడ్డులో, కూలి మీ మెకానిక్ దగ్గర కనుక్కోండి. బేరం ఆ చీటీ మీద చేయాలి.

కాగితాలు

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ట్రాఫిక్ ఫైన్లు వేరుగా చూసుకోండి. లోను తీరిందని నోటిమాట చెబితే చాలదు, ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలోంచి లోను తీయించే ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి.

మన ఊరి నంబరున్న బండి చవగ్గా వస్తోందని తెచ్చుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏపీ బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే కర్ణాటక నంబరుకు మార్చాలి. దానికి అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ, ఇక్కడి ట్యాక్స్, ఆర్టీఓ చుట్టూ తిరిగే టైం కలిపితే ఆ చవక మిగలదు. తెల్ల బోర్డు (సొంత వాడకానికి రిజిస్టరైన) వ్యాన్‌తో బాడుగ తోలడం ఇంకా ప్రమాదం. యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరుగుతుంది.

లైసెన్స్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్స్‌తో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

నెలకు ఎంతవుతుంది?

బండి పాతదైనా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం తగ్గదు. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి ఏడాదికి రూ. 16,049, పన్ను అదనం. అదే 1000-1500 సీసీ సొంత కారుకు రూ. 3,416. ఈ తేడా తెలియక లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. ఎనిమిదేళ్లు నిండని బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ముందు బ్రేకులు, లైట్లు, టింకరింగ్ అన్నీ సరిచేయించాలి కాబట్టి ఆ నెల ఖర్చు పెరుగుతుంది. గడువు దగ్గరపడ్డ బండి అయితే ఆ మొత్తం ధరలో తగ్గించమనండి.

పెట్రోల్‌కు ఉదాహరణ: రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే 1,560 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకు 13 ఇస్తే 120 లీటర్లు. లీటరు రూ. 103 అనుకుంటే రూ. 12,360. దీనికి తోడు ప్రతి కిలోమీటరుకు రెండు రూపాయలు రిపేర్ల కోసం పక్కన పెట్టమంటాను. నెలకు మూడు వేల పైన జమవుతుంది. క్లచ్ పోయిన రోజు అప్పు చేయాల్సిన పని ఉండదు.

బండి చేతికొచ్చిన వారంలో ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు అన్నీ మార్చేయండి. పాత ఓనర్ ఫాస్టాగ్ తీయించి మీ పేరున కొత్తది వేయించండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు అమ్మకం జరిగిన 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టండి.