గిట్‌లో తెలుగు ఫైలు పేర్లు చెదిరిపోతే: సమస్య - పరిష్కారం

ఒంగోలులో ఒక గ్రానైట్ వ్యాపారి ఆఫీసు అనుకుందాం. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే బ్లాకుల కొలతలను తెలుగు పేర్లున్న టెక్స్ట్ ఫైళ్లలో రాసి, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో భద్రపరుస్తారు. ఏ రోజు ఏ ఫైళ్లు మారాయో సాయంత్రం ఒక స్క్రిప్టు జాబితా తీస్తుంది. అక్కడ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: పేరు ఉండాల్సిన చోట అంకెలు

'చీమకుర్తి' అని కనిపించాల్సిన చోట \340\260\232 అంటూ మొదలయ్యే పొడవాటి వరస వస్తుంది. ఫైలుకేమీ కాలేదు. ఆ పేరులో 9 యూనికోడ్ సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు ఒక వెనక గీత (\), మూడు ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా ఉండే) అంకెలు. అన్నీ కలిపితే 108 గుర్తులు! ఆస్కీ పరిధి దాటిన బైట్లన్నిటినీ గిట్ మామూలుగా ఇలాగే చూపిస్తుంది. పాత టెర్మినళ్లకు అది రక్షణ కావచ్చు కానీ, తెలుగువాళ్లకు మాత్రం శిక్షే.

పరిష్కారం: కోర్.కోట్‌పాత్ సెట్టింగును ఫాల్స్ చేయండి. మనుషులు చదవడానికి ఇది చాలు. స్క్రిప్టుకు మాత్రం, మారిన ఫైళ్లను చూపే స్టేటస్ కమాండుతో పోర్స్‌లిన్ (స్క్రిప్టులు చదివేందుకు వీలైన రూపం), జెడ్ ఆప్షన్లు రెండూ ఇవ్వండి. జెడ్ ఇస్తే పేర్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, ఒక్కో పేరు చివర సున్నా బైటు ఉంటుంది. పేరు మార్చిన ఫైలు ఉంటే జాగ్రత్త: జెడ్‌తో కొత్త పేరు ముందు, పాత పేరు తర్వాత వస్తాయి.

సమస్య: కోణపు బ్రాకెట్లలో రెండేసి గుర్తులు

పేర్ల చోట <E0><B0> లాంటివి వస్తాయి. పైదాని లాగే కనిపించినా దీని కారణం వేరు. లాగ్‌లో (మార్పుల చరిత్రలో) కమిట్ సందేశాలు, అంటే మార్పులను భద్రపరిచేటప్పుడు రాసే వివరణలు కూడా చెడితే కోట్‌పాత్‌ను ముట్టుకోకండి, దానికీ సందేశాలకూ సంబంధం లేదు. నో-పేజర్ ఆప్షన్‌తో అదే కమాండు మళ్లీ ఇవ్వండి. తెలుగు సరిగ్గా వస్తే తప్పు లెస్ అనే పేజర్‌ది, అంటే అవుట్‌పుట్‌ను పేజీలుగా చూపే ప్రోగ్రాముది. లెస్‌క్యార్‌సెట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు యూటీఎఫ్-8 అని ఇస్తే సరిపోతుంది.

సమస్య: జాబితాలో మొదటి పేరుకే తల తెగడం

మిగతావన్నీ బాగుండి, మొదటి వరుసలో మాత్రం 'ీమకుర్తి' అని గుడి దీర్ఘం గాలిలో వేలాడుతుంది. స్టేటస్ కమాండు పొట్టి రూపంలో ప్రతి వరుసకూ ముందు రెండు గళ్లు: మొదటిది ఇండెక్స్ (తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసిన మార్పులు) స్థితి, రెండోది పని ఫోల్డరు స్థితి. ఆ తర్వాత ఒక ఖాళీ. మార్చిన ఫైలును ఇంకా ఇండెక్స్‌లో చేర్చకపోతే మొదటి గడి ఖాళీగా ఉంటుంది. స్క్రిప్టు మొత్తం అవుట్‌పుట్‌కు అటూ ఇటూ ఖాళీలు కత్తిరించి, ఆపై ప్రతి వరుసలో మూడేసి అక్షరాలు తీసేస్తే మొదటి పేరులోని 'చ' కూడా పోతుంది.

ఖాళీకి అర్థం పెట్టడం నా దృష్టిలో డిజైన్ లోపమే. 2016లో వచ్చిన గిట్ 2.11 లోని పోర్స్‌లిన్ రెండో వెర్షన్ దాన్ని సరిదిద్దింది: మార్పు లేని గడిలో చుక్క పెడుతుంది. మామూలుగా మారిన ఫైలుకు అందులో ఎనిమిది గళ్ల తర్వాత పేరు వస్తుంది. పాత పద్ధతి మీద ఆధారపడిన స్క్రిప్టులు చెడకుండా మొదటి వెర్షన్‌నూ అలాగే ఉంచారు. మీరే ఏదైనా టూల్ రాస్తుంటే, పాతదాన్ని ఉంచి కొత్త వెర్షన్ తెచ్చే ఈ పద్ధతిని ధైర్యంగా అనుసరించండి.

సమస్య: ఫైలులోకి [31ఎమ్ వంటి చెత్త

ఇవి రంగుల సంకేతాలు. కలర్.యూఐ సెట్టింగు ఆల్వేస్ అయి ఉంటుంది. ఆటో చేయండి. అప్పుడు టెర్మినల్‌కు మాత్రమే రంగులు వెళ్తాయి.