డెల్టా నేలల్లో ఈఎం సర్వే: రీడింగ్ తేడాగా వస్తే ఏం చూడాలి?

ఈఎం (విద్యుదయస్కాంత) సర్వే అంటే కాయిళ్ల (తీగచుట్టల)తో నేలలోకి తరంగం పంపి, నేల కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తుందో కొలవడం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో తీరానికి దగ్గరగా దీంతో మంచినీళ్లు వెతికేటప్పుడు ఈ తిప్పలు తరచూ ఎదురవుతాయి.

సమస్య: కాయిళ్లు నేలమీద పడుకోబెడితే రీడింగ్ బాగా తగ్గిపోతోంది, ఒక్కోచోట మైనస్ కూడా వస్తోంది.

మిషన్ పాడైందని టెన్షన్ పడకండి. ఈఎం-34 లాంటి పరికరం చూపే అంకె సరిగ్గా ఉండాలంటే, కాయిళ్ల మధ్య దూరం కన్నా తరంగం చాలా లోతుకు దిగాలి. 10 మీటర్ల దూరానికి అది వాడేది 6,400 హెర్ట్జ్. రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) 100 ఓమ్-మీటర్లున్న నేలలో ఆ తరంగం సుమారు మూడో వంతుకు తగ్గడానికి దాదాపు 63 మీటర్లు పడుతుంది. 5 ఓమ్-మీటర్ల ఉప్పు బంకమట్టిలో 14 మీటర్లకే తగ్గిపోతుంది. అక్కడే లెక్క తప్పుతుంది. ఉప్పు ఇంకా పెరిగితే మైనస్ వస్తుంది.

కాయిళ్లు నిలబెట్టి మళ్లీ తీయండి, ఆ రీడింగ్ ఇంతగా చెడదు. మైనస్ వచ్చినవాటిని కొట్టేయకుండా రాసుకుని, పూర్తి సమీకరణాలతో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. అయితే మైనస్ ఒక్కచోటే వచ్చి, నాలుగడుగులు జరిగితే పోతే, ముందు ఇనుప పైపో కంచో ఉందేమో చూడండి.

సమస్య: పెద్ద తీగ లూప్ పరిచి తీసిన సౌండింగ్‌లో (లోతువారీ కొలతలో) చివరి రీడింగులు ఎగిరెగిరి పడుతున్నాయి.

చాలాసార్లు కారణం దగ్గర్లోని కరెంటు లైను. లూప్‌ను దూరంగా జరపండి, ఎక్కువసార్లు తీసి సగటు వేయండి.

సమస్య: కండక్టివ్ పొర (కరెంటు తేలిగ్గా పోయే పొర) మందం ఒకసారి 10 మీటర్లు, ఇంకోసారి 20 అని వస్తోంది.

నన్నడిగితే బోర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లోతున ఉన్న పలుచని పొర విషయంలో సర్వేకు గట్టిగా తెలిసేది మందాన్ని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే విలువ ఒక్కటే. 2 ఓమ్-మీటర్ల పొర 10 మీటర్లున్నా, 4 ఓమ్-మీటర్లది 20 మీటర్లున్నా ఆ విలువ 5 సీమెన్సే. రెండు మోడళ్లూ (పొరల అంచనాలూ) రీడింగులకు సరిపోతాయి. పైగా అది ఉప్పునీటి ఇసుకా, బంకమట్టా అన్నది ఆ అంకె చెప్పదు.

దగ్గర్లో బోరు వేస్తుంటే వెళ్లండి. పైకొచ్చిన మట్టిని లోతువారీగా కుప్పలు పోయించి, ప్రతి కుప్పలోంచి చిటికెడు తీసి తడిపి వేళ్ల మధ్య నలపండి. దారంలా సాగితే బంక, గరగరలాడితే ఇసుక. పాత బోర్ల నీళ్లు ఈసీ మీటర్‌తో (నీటిలో ఉప్పు ఎంతో తెలిపే పరికరం) చూడండి. బంక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిశాక, ఆ మందాన్ని మోడల్‌లో ఖాయం చేసి మళ్లీ నడపండి.