పెళ్లి క్యాసెట్‌ను ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం

వీహెచ్‌ఎస్ రోజుల నుంచీ భీమవరంలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఇప్పుడు అవే క్యాసెట్లు సంచిలో వేసుకొచ్చి పెన్ డ్రైవ్‌లో ఎక్కించమంటున్నారు. క్యాసెట్ ఆడించే మెషీన్, అంటే పనిచేసే వీసీఆరో (రికార్డ్ కూడా చేసేది) వీసీపీయో (ఆడించడం మాత్రమే చేసేది) ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కంప్యూటర్ పని తేలికే, తిప్పలన్నీ టేపుతోనే.

ముందు క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని పైనున్న గాజులాంటి కిటికీలోంచి చూడండి. చుట్ట నల్లగా, నున్నగా ఉండాలి. తెల్లటి చుక్కలో, పిండి చల్లినట్టు పొరో ఉంటే అది బూజు. మా గోదావరి తేమకి బీరువా అడుగున పడేసిన క్యాసెట్లకి ఇది మామూలే. దాన్ని ఆడిస్తే బూజు మెషీన్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి విడిగా పెట్టి, శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వండి.

బాగున్నవాటికి లేబుల్ అంటించే అంచున ఓ చివర చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. విరిచేయండి, ఇక పొరపాటున రికార్డ్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు. తర్వాత చివరిదాకా ఫార్వర్డ్ చేసి, పూర్తిగా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలక పట్టేసిన టేపు దీంతో విడివడుతుంది.

బొమ్మ నిండా చుక్కలొస్తే హెడ్ (టేపు మీది బొమ్మను చదివే భాగం, గుండ్రంగా తిరిగే డ్రమ్‌లో ఉంటుంది) మురికిపట్టినట్టే. వీసీఆర్ ప్లగ్ తీసి, మూత విప్పండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ లెదర్ ముక్కను డ్రమ్‌కి ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్‌ను మెల్లగా తిప్పండి. పైకీ కిందికీ మాత్రం రుద్దొద్దు, హెడ్ విరుగుతుంది. దూది వాడొద్దు, పోగులు ఇరుక్కుంటాయి. ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేశాక కొత్త వీసీఆర్లు రావడం లేదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

వీసీఆర్ నుంచి వచ్చే వైర్లలో పసుపుది బొమ్మకి, తెలుపు, ఎరుపు శబ్దానికి. వాటిని యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకి (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే చిన్న పరికరం) కలిపి, ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. మన క్యాసెట్లు పాల్ (మన దేశపు టీవీ బొమ్మ పద్ధతి) పద్ధతివి: కార్డు 720×576లో, ఓబీఎస్ కాన్వాస్ (రికార్డయ్యే బొమ్మ చట్రం) 768×576లో పెట్టి, బొమ్మను కాన్వాస్ నిండా సాగదీయండి. వెడల్పు టీవీకి తగ్గట్టు ఇంకా సాగదీస్తే పెళ్లికొడుకు పీటల మీదే లావైపోతాడు. తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే, సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్‌లేసింగ్‌లో (ఆ పళ్లను పోగొట్టే సెట్టింగు) యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుని, ఓబీఎస్ సెట్టింగుల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలో) 50 చేయండి. బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా రాయాలో) 8,000 కేబీపీఎస్ పెడితే మూడు గంటల క్యాసెట్ దాదాపు 11 జీబీ అవుతుంది. ఫైల్ ఎంకేవీ అనే ఫైల్ రకంలోనే రికార్డ్ చేయండి, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది దక్కుతుంది.

మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలు కూర్చోవాల్సిందే, అడ్డదారి లేదు. అయ్యాక గట్టిమేళం దగ్గర ఆపి చూడండి: డోలు మీద కర్ర పడటం, చప్పుడు రావడం ఒకేసారి జరగాలి. అప్పగింతల దగ్గర మళ్లీ చూడండి, తేడా వస్తే చివర్లోనే బయటపడుతుంది.

అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి టీవీ పద్ధతివి. వాటిని ఆడించే వీసీఆర్ కావాలి, సెట్టింగులూ వేరు.

పెళ్లి వీడియోల్లో సినిమా పాటలు కలిపింది మేమే. అందుకే యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ గొడవ వస్తుంది. చుట్టాలకి గూగుల్ డ్రైవ్ లింకు పంపండి. ఇంకో కాపీ హార్డ్ డిస్కులో పెట్టి, క్యాసెట్‌ను పారేయకుండా పొడి చోట నిలువుగా దాచండి.