పీఎఫ్ పింఛను భార్యకు రావాలంటే: దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

ఇంటాయన పోయాక పీఎఫ్ సొమ్ము చేతికి రాగానే ఇక రావాల్సిందేమీ లేదనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఉద్యోగుల పింఛను పథకం, 1995 కింద భార్యకు నెలనెలా పింఛను కూడా ఉంది. అడిగితేనే వస్తుంది. సర్వీసులో ఉండగా పోతే ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, ఉద్యోగి తన పింఛనుకు పదేళ్లు సర్వీసు చేసి ఉండాలన్న నిబంధన ఇక్కడ చూడరు. అప్పటికే పింఛను తీసుకుంటూ పోతే అందులో సగం భార్యకు వస్తుంది. ఎలా లెక్కేసినా నెలకు 1,000 రూపాయలకు తగ్గకూడదు. 25 ఏళ్లలోపు పిల్లలుంటే ఒకేసారి ఇద్దరికి, ఆమె పింఛనులో నాలుగో వంతు చొప్పున అదనం. భార్య ఉద్యోగి అయితే భర్తకూ ఇదే హక్కు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి పీఎఫ్ కట్టిన ఆడవాళ్ల ఇళ్లలో ఈ మాట తప్పకుండా తెలియాలి.

సర్వీసులో పోయినవారికి కాంపోజిట్ డెత్ క్లెయిమ్ ఫారం ఒక్కటి నింపితే పీఎఫ్, పింఛను, బీమా మూడూ కలిసి వస్తాయి. బీమా 7 లక్షల దాకా ఉంటుంది కాబట్టి ఆ గడి వదలొద్దు. పింఛనుదారు పోతే ఫారం 10-డి పెట్టాలి, ఆయన పీపీవో (పింఛను మంజూరు పత్రం) నంబరు అందులో రాయాలి. మరణ ధ్రువపత్రం, ఆధార్, మీ పేరున్న బ్యాంకు పాస్‌బుక్ నకలు, ఫొటోలు, పిల్లల పుట్టినతేదీ పత్రాలు జతచేయండి. ఫారం మీద కంపెనీ సంతకం కావాలి. కంపెనీ మూతపడితే గెజిటెడ్ అధికారి గానీ బ్యాంకు మేనేజరు గానీ సంతకం పెట్టవచ్చు.

అసలు చిక్కు పేర్లతో. మా పిన్ని కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాం. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌బుక్‌లో దాని మొదటి అక్షరమే. బాబాయి పీఎఫ్ రికార్డులో ఆమె పుట్టింటి ఇంటిపేరు! మూడూ ఆమే, కానీ కాగితం చూసేవాళ్లకు ముగ్గురు మనుషులు. ఆ దిద్దుబాట్లతోనే రెండు నెలలు గడిచిపోయాయి. అందుకే ఫారం ముట్టుకునే ముందే మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ముందు ఆధార్, తర్వాత బ్యాంకు సరిచేయించుకోండి. పీఎఫ్ రికార్డులో తప్పుంటే కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్ (కంపెనీతో కలిసి ఇచ్చే దిద్దుబాటు పత్రం) పెట్టాలి.

ఫారం ఆయన ఖాతా ఉన్న పీఎఫ్ ఆఫీసులో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. 20 రోజుల్లో తేలాలి. తేలకపోతే పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టండి. మంజూరయ్యాక ఏటా జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నట్టు ధ్రువపత్రం) ఇవ్వాలి, ఏ నెలలో ఇచ్చినా అక్కణ్నుంచి ఏడాది చెల్లుతుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పింఛను ఆగి, పిల్లలకు అనాథ పింఛను రేటు వర్తిస్తుంది.

ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉంటే ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో ఈ-నామినేషన్, అంటే నామినీగా మీ పేరు ఆన్‌లైన్‌లో నమోదు, చేయించండి. మీ ఫొటో, మీ ఆధార్ పేరు ఉన్నదున్నట్టు ఎక్కాలి. అది ఉంటే రేపు క్లెయిమ్ ఇంట్లోనుంచే, ఆధార్‌కు కలిపిన మీ ఫోను ఓటీపీతో పెట్టుకోవచ్చు.